ఊరికే వచ్చే నీళ్లకు లెక్క: ఫ్యాక్టరీలో వృథాను, కాలుష్యాన్ని కలిపి కొలవడం ఎలా?

గోదావరి డెల్టాలో ఒక కాలువ గట్టు మీదున్న ఉప్పుడు బియ్యం మిల్లుకు రెండేళ్ల కిందట పని మీద వెళ్లాను. ఆఫీసు గది బయట గోడకు నిలువెత్తు బోర్డు ఉంది. పనిముట్లు ఎక్కడివక్కడ సర్దినందుకు, నేల శుభ్రంగా ఉంచినందుకు, దారులకు గీతలు గీసినందుకు విడివిడిగా మార్కులు వేసి, అన్నీ కలిపి నూటికి 86 అని రాశారు. బోర్డులో అబద్ధమేమీ లేదు. స్పానర్లు వరుసగా మేకులకు వేలాడుతున్నాయి. ముఠా కార్మికులు బస్తాలు మోసే దారికి రెండువైపులా పసుపు గీత ఉంది. ఎలివేటర్ల కింద ధాన్యం రాలి కాళ్ల కింద నలగడం లేదు. చాలా మిల్లులు చూసిన కళ్లతో చెబుతున్నాను, అంత పొందికైన మిల్లు అరుదు.

బాయిలర్ వెనక్కి వెళ్లి ప్రహరీ పక్కన నిలబడ్డాను. ధాన్యం నానబెట్టిన తొట్ల నుంచి వదిలిన నీళ్లు టీ డికాక్షన్ రంగులో గోడ కింద తూములోంచి బయటి బోదెలోకి పోతున్నాయి. పులిసిన గంజి వాసన వస్తోంది. నాలుగు అడుగుల దూరంలో ఒక ఇనుప గొట్టం చివర నుంచి వేడి నీళ్లు బొట్లు బొట్లుగా నేల మీద పడి, ఆ చుట్టూ నాచు పట్టింది. ఈ రెంటికీ బోర్డు మీద గడి లేదు.

ఆ మిల్లుకు ఉత్పాదకత సలహాదారు ఒకరు, కాలుష్య నియంత్రణ మండలి కాగితాలు చూసేవారు మరొకరు ఉన్నారు. ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. ఒకరి ఫైలు ప్రొడక్షన్ గదిలో ఉంటే మరొకరిది అకౌంట్స్ బీరువాలో ఉంది. తక్కువ వృథాతో సరుకు తయారు చేయడం, చుట్టుపక్కల నీటినీ గాలినీ పాడు చేయకుండా తయారు చేయడం మూలంలో ఒకటే పని అని నేను నమ్ముతాను. కానీ మన కంపెనీల్లో వాటిని కొలిచే కొలబద్దలు విడిపోయాయి. ఎందుకు విడిపోయాయో, మళ్లీ ఎలా కలపవచ్చో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఏడు వృథాల లెక్క

తక్కువ వృథాతో సరుకు తయారు చేసే ‘లీన్’ పద్ధతికి పుట్టిల్లు జపాన్‌లోని టొయోటా కార్ల కంపెనీ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డబ్బు, సరుకు అన్నీ కొరతగా ఉన్న రోజుల్లో తైచి ఓనో అనే ఇంజనీరు, ఆయన సహచరులు ఫ్యాక్టరీలో జరిగే ప్రతి పనినీ ఒకే ప్రశ్నతో పరీక్షించారు: కొనేవాడు దీనికి డబ్బిస్తాడా? ఇవ్వని పనంతా వృథా, వారి మాటలో ముడా. అవసరానికి మించి తయారు చేయడం, ఎదురుచూడడం, సరుకును అటూ ఇటూ మోయడం, అక్కర్లేని పని చేయడం, నిల్వలు పేర్చడం, మనిషి ఊరికే కదలడం, సరుకు చెడిపోవడం అని దాన్ని ఏడు రకాలుగా విడదీశారు. ‘లీన్’ అన్న పేరు మాత్రం జపాన్‌ది కాదు. అమెరికాలో జాన్ క్రాఫ్చిక్ అనే పరిశోధకుడు 1988లో రాసిన ఒక వ్యాసంతో అది వాడుకలోకి వచ్చింది.

కార్ల సంగతి మనకెందుకు అనుకోకుండా తవుడు సంగతి చూద్దాం. పచ్చి బియ్యం మరపట్టినప్పుడు గింజ మీది పొర తవుడుగా ఊడివస్తుంది. అందులో నూనె ఉంటుంది, ఆ నూనెను విరగ్గొట్టే ఎంజైమూ ఉంటుంది. గింజ మీద ఉన్నంతసేపు అవి రెండూ వేర్వేరు అరల్లో ఉంటాయి. పాలిషర్ రాపిడికి అరలు చితికి ఒకటైపోగానే నూనె పాడవడం మొదలవుతుంది. గంటలు గడిచేకొద్దీ ఆమ్లం పెరుగుతుంది. తినే నూనెగా శుద్ధి చేయవలసిన తవుడు ఒకటి రెండు రోజులు గోనె సంచుల్లో కూర్చుంటే నూనె ఫ్యాక్టరీవారు ధర కోస్తారు, లేదా పశువుల దాణాకు పంపుతారు. లారీ నిండేదాకా ఆగుదాం అన్న ఒక్క ఆలోచనతో మంచి నూనె చేజారిపోతుంది. ఓనో ‘ఎదురుచూడడం’ అన్నది ఇదే. ఉప్పుడు బియ్యం తవుడుకు ఈ తొందర అంతగా లేదు, ఉడికించినప్పుడే ఆ ఎంజైము చచ్చిపోతుంది. ఒకే ఊళ్లో రెండు మిల్లులకు ఒకే ప్రశ్నాపత్రం ఇచ్చి తవుడు నిల్వకు ఒకే మార్కు వేస్తే ఒకరికి అన్యాయం జరుగుతుంది.

వృథాకూ పర్యావరణానికీ ఉన్న బంధం నూకలో ఇంకా బాగా కనిపిస్తుంది. తొందరపడి ఒకేసారి ఎక్కువ వేడి పెట్టి ఆరబెడితే గింజ లోపల పగుళ్లు పడతాయి. మరలో పడ్డాక అది విరుగుతుంది. యజమానికి అది ధర తగ్గిన సరుకు, అంతే. అయితే విరిగిన ప్రతి గింజ వెనకా నానబెట్టిన నీళ్లు, ఉడికించిన ఆవిరి, ఆరబెట్టడానికి కాల్చిన ఊక, మోటార్ల కరెంటు ఉన్నాయి. నూక తగ్గిస్తే మంచి బియ్యంలో ప్రతి బస్తాకు పడే నీరు, పొగ వాటంతటవే తగ్గుతాయి. ఇందుకు వేరే పర్యావరణ పథకం అక్కర్లేదు.

ఆ ఏడు వృథాల జాబితాలో నీళ్లు, పొగ, బూడిద అన్న మాటలు లేవన్నది గమనించాలి. కొందరు తర్వాత ఎనిమిదోదిగా పర్యావరణ వృథాను చేర్చారు. మొదట్లో లేకపోవడానికి కారణం లీన్ లెక్క డబ్బు చుట్టూ తిరగడమే. డెల్టాలో నీరు ఊరికే వస్తుంది. బోరు వేస్తే పైనే తగులుతుంది, కాలువ పక్కనే పారుతుంది. మిల్లులో ఊకా ఊరికే వస్తుంది. 100 కిలోల ధాన్యానికి దాదాపు 20 కిలోల ఊక దిగుతుంది. డబ్బు పెట్టి కొనని వస్తువుకు మీటరు ఉండదు, మీటరు లేనిదానికి బోర్డు మీద గడి ఉండదు. బాయిలర్ ఆపరేటరును ఆ వేడి నీళ్ల గొట్టం గురించి అడిగితే, “నీళ్లకేముందండీ, బోరు ఎప్పుడూ పోస్తూనే ఉంటుంది” అన్నాడు. ఆయన తప్పు లేదు. ఆయన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

రెండు దారులూ విడిపోయే చోట

లీన్ అయితే చాలు, పర్యావరణం దానంతటదే బాగుపడుతుందని చెప్పేవారున్నారు. చాలావరకు నిజమే, పూర్తిగా మాత్రం కాదు. రెండూ ఎదురెదురుగా నిలబడే చోట్లు ఉన్నాయి. మంచి మదింపు అక్కడే తన విలువ చూపించుకుంటుంది.

భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లనే తీసుకుందాం. చిన్న చిన్న విడతలుగా, ఏ ఆర్డరుకు ఆ ఆర్డరు చేసి పంపడం లీన్‌కు ఇష్టం, నిల్వ తగ్గుతుంది కనుక. కానీ రొయ్యల ప్లాంటులో ఒక రకం నుంచి ఇంకో రకానికి మారిన ప్రతిసారీ బల్లలు, ట్రేలు, నేల కడగాలి, క్లోరిన్ నీళ్లు పోయాలి. విడతలు రెట్టింపైతే కడుగుళ్లూ రెట్టింపవుతాయి. ఫ్రీజర్ గదిలో నిల్వ తగ్గిందని ఒక ఫైలులో మార్కు పెరుగుతుంది, మురుగు శుద్ధి ట్యాంకుకు వచ్చే నీరు పెరిగిందని ఇంకో ఫైలులో మార్కు తగ్గుతుంది. దీనికి దారి ఉంది. ఒకే తరహా సరుకు ఒకదాని వెంట ఒకటి వచ్చేలా ఆర్డర్ల వరుస మార్చుకోవచ్చు. నీళ్ల గొట్టం పట్టుకోకముందే నేల మీద పడ్డ తలలు, పొట్టు రబ్బరు పలకతో పొడిగా నెట్టి ఎత్తేయవచ్చు. రొయ్య బరువులో 40 నుంచి 50 శాతం దాకా తల, పొట్టు కిందే పోతుంది. అది నీళ్లలో నానితే మురుగవుతుంది, పొడిగా ఎత్తితే పొట్టులోంచి తీసే కైటిన్ అనే పదార్థం తయారీకో, దాణాకో అమ్ముడుపోతుంది. ప్లాంటుకు వెళ్తే నేను మొదట చూసేది ఇదే: షిఫ్టు అయ్యాక ముందు చేతికి వచ్చేది రబ్బరు పలకా, నీళ్ల గొట్టమా?

కోనసీమ కొబ్బరి పీచు మిల్లుల్లో ఇంకో చిక్కు ఉంది. కిలో పీచు తీస్తే దాదాపు రెండు కిలోల పొట్టు మిగులుతుంది. ఒకప్పుడు ఆ పొట్టు మిల్లుల పక్కన గుట్టలు గుట్టలుగా పడి ఉండేది. వానకు తడిసి ఎర్రటి రసం కారి పక్క చేలల్లోకి దిగేది. ఇప్పుడు అదే పొట్టును ఇటుకల్లా అచ్చుకొట్టి నర్సరీలకు, విదేశాలకు పంపుతున్నారు. తన బరువుకు ఎనిమిదింతల వరకు నీరు పట్టుకోగల పదార్థం కనుక మంచి గిరాకీ ఉంది. వ్యర్థం సరుకుగా మారిందని నేనూ సంతోషించాను. కానీ సముద్రపు గాలి తగిలిన తోటల పొట్టులో ఉప్పు ఉంటుంది. కొనేవారు ఉప్పు తక్కువ కావాలంటారు, అంటే మంచినీళ్లతో పలుమార్లు కడగాలి. ఆ కడిగిన నీళ్లు ఎటు పోతున్నాయి? ఘనవ్యర్థం గడిలో పూర్తి మార్కులు తెచ్చుకున్న మిల్లు నీటి గడిలో పడిపోవచ్చు. ఒక గడి మాత్రమే చూసినవారికి అది ఆదర్శ పరిశ్రమ.

ఇక నిల్వల సంగతి. కార్ల విడిభాగాల ఫ్యాక్టరీ కోసం తయారైన ప్రశ్నాపత్రాన్ని మన మిల్లుకు పెడితే, గోడౌను నిండా ధాన్యం చూడగానే సున్నా వేస్తుంది. సార్వా (ఖరీఫ్) ధాన్యం కోతల తర్వాత కొన్ని వారాల్లో ఒక్కసారిగా ముంచుకొస్తుంది, దాళ్వా (రబీ)దీ అంతే. పంట పండే తీరును ఏ లీన్ నిపుణుడూ మార్చలేడు. జపాన్‌వారు ముడాతో పాటు చెప్పే మరో మాట ‘మురా’, అంటే పని ఒక తీరుగా లేకపోవడం. డెల్టా పరిశ్రమకు అసలు జబ్బు ఇదే. అందువల్ల ఇక్కడ నిల్వ ఎంత ఉందని అడగడం కంటే ఆ నిల్వ ఎలా ఉందని అడగాలి. 17 శాతం తేమతో వచ్చిన ధాన్యాన్ని ఎన్ని రోజుల్లో 14 శాతానికి దించారు? ముందు వచ్చిన బస్తా ముందు కదిలిందా, లేక వెనక గోడ దగ్గర రంగు మారుతూ కూర్చుందా? రంగు మారిన ధాన్యం కూడా పర్యావరణ నష్టమే. దాన్ని పండించడానికి పారించిన నీళ్లన్నీ దాని ఖాతాలోనే పడతాయి.

సర్టిఫికెట్లు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

ఇక్కడ ఉన్న గందరగోళం కొంత తీర్చాలి. గోడ మీద ఐఎస్ఓ 14001 పటం చూసి ‘ఈ కంపెనీ కాలుష్యం చేయదు’ అనుకునేవారు చాలామంది ఉన్నారు. 1996లో మొదలై 2015లో సవరించిన ఈ ప్రమాణం కంపెనీకి ఒక నిర్వహణ పద్ధతి ఉందని చెబుతుంది. తన ప్రభావాలను గుర్తించే, లక్ష్యాలు పెట్టుకునే, సమీక్షించుకునే ఏర్పాటు ఉందని చెబుతుంది. లీటరు మురుగులో ఇంత మించకూడదని అంకె మాత్రం అది పెట్టదు. ఆ అంకెలు చట్టం కింద వేరే ఉన్నాయి. ఉదాహరణకు నదులు, కాలువల్లోకి వదిలే మురుగుకు సాధారణ ప్రమాణం లీటరుకు 30 మిల్లీగ్రాముల బీఓడీ, 250 మిల్లీగ్రాముల సీఓడీ. బీఓడీ అంటే ఆ మురుగును సూక్ష్మజీవులు తినడానికి నీటిలోంచి లాగేసుకునే ఆక్సిజన్. అది పెరిగితే చేపకు ఊపిరి ఉండదు. సీఓడీ అంటే ఆ మలినాన్ని రసాయనాలతో విరగ్గొట్టడానికి పట్టే ఆక్సిజన్.

రంగుల వర్గీకరణ మీదా అపోహ ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016లో పరిశ్రమలకు కాలుష్య సూచీ ప్రకారం ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు రంగులు ఇచ్చింది. అప్పటి లెక్కలో 60, ఆపైన వస్తే ఎరుపు, 20 లోపు అయితే తెలుపు. ఆ తర్వాత సవరణలూ వచ్చాయి. ఆ రంగు ఆ తరహా పరిశ్రమ మొత్తానిది. ‘మాది గ్రీన్ కేటగిరీ’ అని ఒక యజమాని గర్వంగా చెప్పినప్పుడు, ఆయన తన మిల్లు పనితీరు చెబుతున్నానని అనుకుంటున్నాడు. ఆకుపచ్చ వర్గంలో ఉండి కాలువను చెడగొట్టవచ్చు, ఎరుపు వర్గంలో ఉండి ఎంతో జాగ్రత్తగానూ నడపవచ్చు.

రెంటినీ దగ్గరికి తెచ్చే ప్రయత్నం ప్రభుత్వ పథకాల్లో కొంత జరిగింది. 2014 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద అన్న ‘లోపం లేని, ప్రభావం లేని’ (జీరో డిఫెక్ట్, జీరో ఎఫెక్ట్) తయారీ అన్న మాట మీదే చిన్న పరిశ్రమలకు జెడ్ సర్టిఫికెట్ వచ్చింది. 2022లో దాన్ని కాంస్యం, రజతం, స్వర్ణం అంచెలతో కొత్తగా ప్రారంభించారు. 2023 మార్చిలో లీన్ పథకాన్ని కూడా ప్రాథమిక, మధ్య, ఉన్నత స్థాయిలుగా తిరిగి తెచ్చారు. సలహాదారు ఖర్చులో 90 శాతం కేంద్రం భరించేలా ఆ పథకాన్ని రూపొందించారు. చిన్న మిల్లు యజమానికి ఇవి పనికొచ్చే మెట్లే, వాడుకోమనే చెబుతాను. మెట్టు ఎక్కాక ఇంటి వెనక తూము దగ్గరికి ఎవరు వెళ్లి చూస్తారన్నదే నా ప్రశ్న.

సగటులో దాక్కునే మురుగు

కంపెనీల మదింపు మీద వచ్చే అధ్యయనాల్లో ఎక్కువ భాగం ప్రశ్నావళి మీద ఆధారపడతాయి. నలభయ్యో యాభయ్యో అంశాలు ఇచ్చి ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కు వేయమంటారు. ఏ అంశం ఎంత ముఖ్యమో నిపుణులను అడిగి బరువులు కడతారు, ఆ బరువులతో సగటు తీస్తారు. చూడడానికి శాస్త్రీయంగానే ఉంటుంది. ఇందులో రెండు బలహీనతలు ఉన్నాయి.

మొదటిది, మార్కు వేసేది ఎవరన్నది. మేనేజరు తన విభాగానికి తానే 4 వేసుకుంటాడు. ఆడిట్ వస్తోందని ముందురోజు ఊడ్చిన నేలకు 5 వస్తుంది. పైన పటారం, లోన లొటారం. అదే ప్రశ్న నైట్ షిఫ్టు ఫిట్టరును, పొట్టు ఎత్తే మహిళను అడిగి, ఆ మార్కుకూ మేనేజరు మార్కుకూ తేడా ఎంతో రాసుకుంటే, సగటు కంటే ఆ తేడాయే ఎక్కువ నిజం చెబుతుంది.

రెండోది సగటు. యంత్రాల సామర్థ్యం కొలిచేటప్పుడు లీన్‌వారే వాడే ఒక మంచి లెక్క ఉంది. యంత్రం నడిచిన సమయం శాతం, నడిచినప్పుడు అందుకున్న వేగం శాతం, వచ్చిన సరుకులో మంచిది ఎంత శాతం అనే మూడింటినీ గుణిస్తారు. మూడూ 90 అయితే వచ్చేది 72.9. మూడింటిలో ఏదైనా సున్నా అయితే జవాబు సున్నా. ఒక లోపాన్ని ఇంకో గొప్పతనం కప్పిపుచ్చలేదు. యంత్రాల విషయంలో గుణకారం వాడే మనం, మిల్లు మొత్తాన్ని కొలిచేటప్పుడు మాత్రం సగటుకు దిగుతాం. స్పానర్ల వరుసకు వచ్చిన 5, మురుగుకు వచ్చిన 1 కలిసి 3 అయిపోతాయి. స్పానరు సర్దుకుంటే కాలువలో బీఓడీ తగ్గదు కదా. అన్ని గడుల్లో అతి తక్కువ మార్కు ఏదో అదే ఆ కంపెనీ మార్కు అని బోర్డు మీద రాయాలని నేను చాలాకాలంగా చెబుతున్నాను. మొదట వినగానే అందరూ ముఖం చిట్లిస్తారు.

ఇంకో మెలిక కూడా ఉంది. మురుగు పరీక్ష రిపోర్టులో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు అని ఉంటుంది. పది కిలోల సేంద్రియ మలినం 10,000 లీటర్లలో ఉంటే లీటరుకు 1,000 మిల్లీగ్రాములు. నీళ్లు పొదుపు చేసి 5,000 లీటర్లే వాడితే అదే పది కిలోలు లీటరుకు 2,000 అవుతాయి. అంటే నీళ్లు ఆదా చేసిన మిల్లు కాగితం మీద దోషి, బోరు నీళ్లు కలిపి పల్చన చేసిన మిల్లు బుద్ధిమంతుడు. చట్టం చెప్పిన పరిమితి దాటకూడదు, అందులో సందేహం లేదు. కానీ కంపెనీ నిజంగా మెరుగుపడిందా అని తెలియాలంటే లీటరు లెక్కతో పాటు టన్ను ధాన్యానికి ఎన్ని కిలోల మలినం బయటికి పోయిందన్న లెక్క కూడా కట్టాలి. ఈ ఒక్క గడి చేర్చకపోతే లీన్, పర్యావరణం రెండూ ఒకదానితో ఒకటి కొట్టుకుంటూనే ఉంటాయి.

తొట్టె నుంచి తూము దాకా

అయితే ఎలా కొలవాలి? నా పద్ధతి పాతది. ఒక బస్తాను, ఒక బిందె నీటిని చివరిదాకా వెంబడించడమే. లోపలికి వచ్చిందంతా ఏదో ఒక దారిలో బయటికి పోవాలి. రెండు అంకెలూ కలవకపోతే మధ్యలో ఏదో దాగి ఉంది.

ఉదాహరణకు రోజుకు 50 టన్నుల ధాన్యం ఉడికించే మిల్లు అనుకుందాం. బోరుకు మీటరు పెట్టి చూస్తే రోజుకు 90,000 లీటర్లు వచ్చాయనుకుందాం. 14 శాతం తేమ ఉన్న ధాన్యం నాని, ఉడికి 30 శాతానికి వస్తే అది తాగిన నీరు దాదాపు 11,400 లీటర్లు. ఇది డ్రయ్యర్‌లో ఆవిరైపోతుంది. తొట్ల కొలతను బట్టి వదిలిన నీరు 50,000. బాయిలర్‌కు ఎక్కించినది 10,000. కడుగుళ్లు, తాగడానికి, మరుగుదొడ్లకు మరో 4,000. మొత్తం 75,400. మిగిలిన 14,600 లీటర్లు ఏమయ్యాయి? ఇలాంటి అంకె చేతిలో పట్టుకుని రాత్రి పదకొండుకు మిల్లుకు వెళ్తే జవాబు కంటికే కనిపిస్తుంది. తొట్టె నిండి పొర్లుతుంటుంది, మోటారు ఆపవలసిన మనిషి ఎలివేటరు దగ్గర ఇంకో పనిలో ఉంటాడు. తొట్టె నిండగానే నీటిని దానంతటదే ఆపే ఒక ఫ్లోట్ వాల్వు పెడితే తీరిపోయే సమస్య అది. పొర్లిన నీటిని తోడిన కరెంటు, దాన్ని చూసుకోలేకపోయిన మనిషి మీద పడిన పని ఒత్తిడి కూడా ఆ అంకెలోనే ఉన్నాయి.

అవసరానికి మించి నానబెట్టినా ఇలాగే అవుతుంది. ఎక్కువ తాగిన నీటిని మళ్లీ ఆవిరి చేయాలి, అందుకు ఊక కాల్చాలి. చల్లటి నీళ్లలో రోజుల తరబడి నానబెట్టే పాత పద్ధతిలో నీరు పులిసి మలినం పెరుగుతుంది. 60 నుంచి 70 డిగ్రీల వేడి నీళ్లలో అయితే కొన్ని గంటల్లో పని అవుతుంది, వాసన తగ్గుతుంది, తొట్టె త్వరగా ఖాళీ అవుతుంది. ఆ నీళ్లు వేడి చేయడానికి ఇంధనం ఎక్కడినుంచి మిగల్చాలి? నాచు పట్టిన ఆ గొట్టం దగ్గరికి మళ్లీ వెళ్దాం. ఆవిరి తన వేడి ఇచ్చేసి నీరైన తర్వాత కూడా అది దాదాపు మరిగే వేడి మీద ఉంటుంది. దాన్ని వెనక్కి తెచ్చి బాయిలర్ తొట్టెలో కలిపితే, తొట్టె నీటి వేడి ప్రతి 6 డిగ్రీలు పెరిగినకొద్దీ ఇంధనం దాదాపు 1 శాతం మిగులుతుంది. 30 డిగ్రీల బోరు నీళ్లకు బదులు 72 డిగ్రీల నీళ్లు ఎక్కితే 7 శాతం. ఆవిరి గొట్టానికి 3 మిల్లీమీటర్ల చిల్లు ఉంటే 7 బార్ ఒత్తిడి దగ్గర గంటకు 20 నుంచి 30 కిలోల ఆవిరి గాలిలో కలిసిపోతుంది. అలాంటివి నాలుగు ఉంటే చాప కింద నీరులా ఏడాది పొడవునా ఊక హరించుకుపోతుంది.

ఊరికే వచ్చే ఊకకు ఇంత లెక్క ఎందుకని యజమానులు అడుగుతారు. కాల్చని ఊకకు ఇటుక బట్టీలవారు, బాయిలర్లున్న ఇతర ఫ్యాక్టరీలవారు ధర ఇస్తారు. కాల్చిన ఊకలో అయిదో వంతు దాకా బూడిదగా మిగులుతుంది. దాన్ని తరలించడానికి ట్రాక్టరు కావాలి, ఎగిరి పక్కింటి డాబా మీద ఆరేసిన వడియాల మీద పడితే గొడవ. టన్ను ఊక మిగిలితే అమ్మకం డబ్బు వస్తుంది, రెండు వందల కిలోల బూడిద పుట్టకుండా ఉంటుంది.

అంకెలను పోల్చేటప్పుడు సార్వాను సార్వాతోనే పోల్చాలి. తడి ధాన్యం వచ్చిన నెలను ఎండలో ఎండిన దాళ్వా నెలతో పోల్చి ‘ఇంధనం తగ్గించాం’ అనడం మోసం, తెలిసి చేసినా తెలియక చేసినా. అలాగే టన్నుకు పోయే మలినం కొంత తగ్గినా ఉత్పత్తి రెట్టింపైతే డ్రెయిన్‌లోకి పోయే మొత్తం పెరుగుతుంది. తొట్టె పక్కన నిలబడినవారికి టన్ను లెక్క, కింద ఊరివారికి మొత్తం లెక్క. రెండూ రాయాలి.

పనివాళ్ల గురించి ఒక్క మాట. ముడా, మురాలతో పాటు జపాన్‌వారు చెప్పే మూడోది ‘మురి’, అంటే మనిషి మీద గానీ యంత్రం మీద గానీ మోయలేని భారం. రొయ్యల బల్లల దగ్గర చలిలో, తడి నేల మీద గంటల తరబడి నిలబడే మహిళల వేగం పెంచి దాన్ని లీన్ అనడం ఆ పద్ధతి పుట్టిన చోటే తప్పుగా లెక్కించిన పని. మదింపు పత్రంలో చేతుల పుండ్లకు, నడుము నొప్పికి గడి లేకపోతే ఆ పత్రం అసంపూర్ణం.

గేటు అవతల

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేలకు రెండు రకాల దారులు ఏర్పడ్డాయి. నీళ్లు తెచ్చే కాలువలు, వాడిన నీళ్లు తీసుకుపోయే మురుగు కాలువలు. మనం డ్రెయిన్ అని పిలిచే యనమదుర్రు, తుల్యభాగ, గొంతేరు అలాంటివే. కాగితం మీద రెండూ వేరు. నేల మీద మిల్లు తూము కాలువలోకి తెరుచుకోవచ్చు, డ్రెయిన్ నీళ్లను చివరి భూముల రైతు ఇంజను పెట్టి తోడుకోవచ్చు. తీరం దగ్గర భూగర్భజలం ఉప్పన, అందుకే కింది ఊళ్లు కాలువ నీటితో నింపుకున్న చెరువుల నుంచే తాగుతాయి. భీమవరం దగ్గర తుందుర్రులో రొయ్యల శుద్ధి ఫ్యాక్టరీ మురుగు గొంతేరులో కలుస్తుందన్న భయంతో ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన రోజులు మనకు గుర్తున్నాయి. ఆ ఊరివారు ఫ్యాక్టరీ లోపలి మార్కులు అడగలేదు. తూము ఎక్కడ తెరుచుకుంటుందని అడిగారు.

అందుకే మదింపు సరిహద్దు ప్రహరీ దగ్గర ఆగకూడదు. కనీసం తూముకు పైన ఒక సీసా, కింద ఒక సీసా నీళ్లు పట్టి పరీక్షకు పంపాలి. ఏటా వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఈ పని చేస్తే ఇంకా మేలు. పైనుంచి పారే నీరు లేనప్పుడు బోదెలో కనిపించేదంతా ఎవరిదో దాచడం కష్టం. ఒకే డ్రెయిన్ మీద పది మిల్లులు ఉంటే ‘తిలాపాపం తలా పిడికెడు’ అని అందరూ తప్పుకుంటారు. పదిమందీ తమ తమ టన్నుకు కిలోల లెక్క ఒకచోట పెడితే, అందరికీ కలిపి ఒక శుద్ధి కేంద్రం ఎంత పెద్దది కావాలో, ఎవరు ఎంత భరించాలో తేలిపోతుంది. ఇది సాధ్యమేనని నేను గట్టిగా అనుకుంటున్నాను. కాలువ వంతుల విషయంలో ఇలాంటి ఒప్పందాలు చేసుకున్న అనుభవం డెల్టా రైతుకు తరతరాలుగా ఉంది.

మొదట చెప్పిన మిల్లుకు మొన్న సార్వా రోజుల్లో మళ్లీ వెళ్లాను. బోరుకు మీటరు పెట్టారు, రాత్రి పొర్లడం ఆగింది. తూము మూసి, నానబెట్టిన నీళ్లను నిలవబెట్టే రెండు ట్యాంకులు కట్టారు, శుద్ధి పని ఇంకా సగంలో ఉంది. గోడ మీద బోర్డు మారింది. పైన పెద్ద అక్షరాలతో ఇప్పుడు 86 లేదు. అన్ని గడుల్లో అతి తక్కువ వచ్చిన మార్కునే రాయించారు. అది నీటి గడిది, 5కు 2. “వచ్చినవాళ్లంతా ఇదేమిటని అడుగుతున్నారు ఇంజనీరుగారూ, తీయించేయనా?” అని యజమాని అడిగారు. వద్దన్నాను. ఆయనా తీయించలేదు.

వెనక్కి వెళ్తే నాచు ఎండిపోయి ఉంది. ఇనుప గొట్టానికి కొత్త వంపు వేసి, తాడు చుట్టి, బాయిలర్ తొట్టె దాకా లాగారు. ఆ ఆపరేటరే ఉన్నాడు. “చెయ్యి పెట్టి చూడండి” అన్నాడు. తొట్టె రేకు మీద చెయ్యి ఆనించి వెంటనే తీసేశాను.